బరంపురంలో చేయించిన గోతిక్ సమాధి రాయి

పర్లాకిమిడిలో మా నాన్నగారి సమాధికి రాయి చేయించాం. చెక్కింది బరంపురం బయట, గోపాల్‌పూర్ వైపున్న ఒక శిల్పశాల. వాళ్ళు ఎక్కువగా దేవుడి విగ్రహాలు, కోణార్క చక్రాలు చేస్తారు. గోతిక్ పని, అంటే మొనదేలిన ఆర్చిలుండే పాతకాలం యూరప్ చర్చిల తరహా పని, వాళ్ళ వల్ల అవుతుందా అని అనుమానం ఉన్నవాళ్ళకి చెప్తున్నాను, నిక్షేపంగా అవుతుంది.

నాన్నగారికి మెదక్ చర్చి అంటే ప్రాణం. 1924లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి ఫొటోలతో పాటు ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చి ఫొటోలూ తీసుకెళ్ళాం. పెద్ద మేస్త్రీ వాటిని చాలాసేపు చూసి, నేల మీద సుద్దతో 24 అంగుళాల గీత గీశారు. రెండు చివర్లా మేకులు కొట్టి, అంతే పొడవు దారంతో ఒక్కో మేకు నుంచి ఒక్కో వంపు తిప్పారు. రెండు వంపులూ కలిసిన చోట మొనదేలిన ఆర్చి వచ్చింది. ఎత్తు 21 అంగుళాలకి రవ్వంత తక్కువ. యూరప్‌లో పాతకాలం మేస్త్రీలు గీసిన పద్ధతీ ఇదే.

ఫొటోల్లో చర్చి గోడలకి బయట నుంచి ఆనించి కనిపించే ఏటవాలు రాతి ఆనుళ్ళు (ఫ్లయింగ్ బట్రెస్‌లు) కూడా పక్కన పెట్టమని మా తమ్ముడు అడిగాడు. "బాబూ, అవి ఏ బరువు మోస్తాయి?" అన్నారాయన. నిజమే కదా. చర్చిలో రాతి కప్పు గోడల్ని బయటికి నెడుతుంది. ఆ తోపుడుని అవి అందుకుంటాయి కాబట్టే గోడల్లో అంతంత కిటికీలు తెరవగలిగారు. ఒకే పలకలో నెట్టేదేమీ లేదు. అందుకే వాటిని వదిలేసి, ఆర్చి నడుమ మూడు రేకుల కిటికీని ఆరపార తొలిచారు. పొద్దున వెలుగు అందులోంచి అవతలికి పడుతుంది. ఈ ఒక్క మాటకే ఆయనకి ఎంతిచ్చినా తక్కువే అనిపించింది నాకు.

రాయి విషయంలోనూ మంచి సలహా ఇచ్చారు. ఖొండలైటు అనే రాయి చవక, ఉలికి తేలిగ్గా లొంగుతుంది, కానీ కోణార్కలో అది ఎలా అరిగిపోయిందో చూశాంగా. అక్కడే గుమ్మాలకి వాడిన ముగుని రాయి (క్లోరైట్) ఇంకా నున్నగా ఉంది. మాదీ ముగుని రాయే. ఆర్చి పైన చిన్న చూరు తీసి, దాని అడుగున సన్నటి గాడి పెట్టారు. వాననీళ్ళు పేర్ల మీదికి జారకుండా అక్కడే బొట్లుగా రాలిపోతాయి. గోతిక్ చర్చిల మీద నోరు తెరిచిన జంతువుల బొమ్మల్లో చాలావాటి పనీ నీళ్ళు గోడకి దూరంగా చిమ్మడమే.

లోటు తెలుగు అక్షరాల దగ్గరే. చెక్కిన కుర్రాడికి తెలుగు చదవడం రాదు. ఒక చోట దీర్ఘం ఎగిరిపోయింది. ఆ వరసంతా అరగదీసి మళ్ళీ చెక్కారు, డబ్బు అడగలేదు, కానీ చేతికొచ్చేసరికి బాగా ఆలస్యమైంది. వర్ధంతికి అందదేమోనని మా అమ్మకి ఒకటే టెన్షన్. మీరు మాత్రం అక్షరాలు అసలు సైజులో ప్రింటు తీయించి ఇవ్వండి, చెక్కకముందు రాతి మీద దించిన గీతల్ని స్వయంగా వెళ్ళి చదువుకోండి.

అడ్వాన్సు సగం తీసుకుంటారు. లారీ ఖర్చు, నిలబెట్టే కూలీ మనదే.