ఆరు సంచులు ఇస్తే ఒకటి తిరిగిచ్చారు

ఇంటికొచ్చి పాత బట్టలు, సామాన్లు పట్టుకెళ్లే ఒక సేవా సంస్థ గురించి ఈ రివ్యూ. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ పోయిన ఒక్కటీ టైముకి.

శనివారం 10 నుంచి 1 లోపు వస్తామని మెసేజ్ పెట్టారు. హాల్లో ఆరు సంచులు, ఒక అట్టపెట్టె వరసగా పెట్టుకుని కూర్చున్నాం. మావాడు వాటి మీద నుంచి రెండుసార్లు దూకి, మూడోసారి పడ్డాడు. ఒంటిగంట దాటాక ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. తీరా వచ్చింది సోమవారం సాయంత్రం నాలుగున్నరకి, చెప్పాపెట్టకుండా. ఆ రెండు రోజులూ హాల్లో సంచులు దాటుకుంటూ తిరిగాం. ఆదివారం రాత్రికి మా ఆయన తన పాత స్వెటర్ ఒకటి మళ్లీ బయటికి లాగేసుకున్నారు, ‘ఇది బాగానే ఉంది కదా’ అని.

వచ్చినవాళ్లు ఇద్దరు. ఒక కుర్రాడు, యాభై దాటిన ఒకావిడ. సంచులెత్తి వ్యాన్‌లో పడేసి వెళ్లిపోతారనుకున్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే చతికిలబడి మొదటి సంచి ముడి విప్పింది. “ఒక్కసారి చూసి తీసుకెళ్తాం మేడమ్” అంది. నాకు చిరాకేసింది. ఊరికే ఇస్తుంటే ఈ తనిఖీ ఏమిటి?

కానీ ఆవిడ చూసే పద్ధతి చూస్తూ ఉండిపోయాను. ప్యాంటు తీయగానే జిప్పు పైకీ కిందికీ లాగింది. జేబులు బయటికి తిప్పింది. ఒక జేబులోంచి మేం నెలరోజులు వెతికిన బీరువా తాళంచెవి రాలిపడింది (దీనికే ఇంకో అర స్టార్ ఇవ్వచ్చు). చొక్కా కాలర్ వెనక్కి మడిచి చూసింది, చంకల దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. దుప్పటి మడత కూడా విప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పెట్టేసింది.

“ఉతికిందేనండీ” అన్నాను.

“ఉతికిందే. ఆరలేదు.”

వీళ్ల దగ్గర బట్టలన్నీ మూటలుగా బిగించి కడతారట. చెమ్మ పోని దుప్పటి ఒక్కటి మధ్యలో పడితే, విప్పేసరికి చుట్టూ ఉన్నవాటికీ బూజు పట్టేస్తుంది.

సామాన్ల పెట్టె దగ్గర నా పరువు పూర్తిగా పోయింది. స్టీలు గిన్నెలు, ఫ్లాస్కు, బొమ్మలు తీసుకుంది. కుక్కర్ మూత తిప్పి చూసి, “రబ్బరేదమ్మా?” అంది. మేడమ్ నుంచి అమ్మకి దిగాను. “ఇది తీసుకున్నవాళ్లు వాడాలంటే ముందు డబ్బు పెట్టి రబ్బరు కొనుక్కోవాలి కదా.” తర్వాత మిక్సీ. ప్లగ్ ఎక్కడుందని అడిగి పెట్టి చూసింది. అర నిమిషం తిరిగిందో లేదో కాలిన వాసన. రెండేళ్లుగా అటక మీద ఉన్నది పనిచేస్తుందో లేదో నేను చూడనేలేదు. హెల్మెట్ అసలు ముట్టుకోలేదు. ఒకసారి దెబ్బ తింటే లోపలి థర్మాకోల్ నలిగిపోతుంది, పైకి కనపడదు, అందుకే వాడిన హెల్మెట్లు తీసుకోరట. పాత ఫోన్ మాత్రం తీసుకుంది, అదీ సిమ్ము, మెమరీ కార్డు నా చేత తీయించి, అందులోవన్నీ చెరిపించాకే.

అరగంటకి ఆరు సంచులు ఐదయ్యాయి. ఆరోది నాకే మిగిలింది. మోకాళ్ల దగ్గర పలచబడ్డ లెగ్గింగులు, జత లేని సాక్సులు, పసుపు మరక టీషర్టు. చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పక దానం ఖాతాలో వేసినవన్నీ అందులోనే ఉన్నాయి.

ఇంతకుముందు నేను రోడ్డు పక్కన పెట్టే బట్టల డబ్బాల్లో వేసేదాన్ని. చాలా హాయి, ఎవరూ ఏమీ అడగరు. అలా ఎవరూ అడగనివి చివరికి ఎక్కడ తేలతాయో తర్వాత చదివాను. ఘనాలోని అక్రాలో కంటమాంటో అనే పెద్ద పాతబట్టల మార్కెట్ ఉంది. అక్కడి వ్యాపారులు విదేశాల నుంచి వచ్చిన మూటని విప్పకుండానే డబ్బు కట్టి కొంటారు. లోపల చిరుగులూ మరకలూ వస్తే ఆ నష్టం వాళ్లదే. ఆ బట్టల్ని అక్కడ ‘ఒబ్రోని వావు’ అంటారు, చచ్చిపోయిన తెల్లవాడి బట్టలని. చిలీలో అమ్ముడుపోనివి అటకామా ఎడారిలో గుట్టలుగా పారేశారు. అంత దూరం ఎందుకు, 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దానంగా వచ్చిన పాత బట్టలు ఎవరూ ముట్టుకోక రోడ్ల పక్కన పోగులు పడ్డాయి.

అందుకే ఆవిణ్ణి మొహమాటం లేకుండా అడిగాను, మావి ఎక్కడికి పోతాయని. ‘అవసరమున్నవాళ్లకి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుందనుకున్నా. అలా అనలేదు. బాగున్నవి కొన్ని పంచుతారు, కొన్ని వాళ్ల దుకాణంలో తక్కువ ధరకి అమ్మి వ్యాన్ ఖర్చులు రాబట్టుకుంటారు. పాత నూలు బట్టలకి బొత్తాలు, జిప్పులు కత్తిరించి వర్క్‌షాపులకి తుడుపు గుడ్డలుగా ఇస్తారు. పాలియెస్టర్ తడి సరిగా పీల్చదు కాబట్టి అది తుడుపు గుడ్డలకీ పెద్దగా పనికిరాదు. మిగిలింది తూకానికి పోతుంది. దుకాణంలో అమ్ముతారని వింటే కొందరికి కోపం వస్తుందేమో, నాకు మాత్రం ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

ఇక తిట్లు. ఏవి తీసుకోరో బుక్ చేసేటప్పుడు ఎక్కడా రాయలేదు. ఆ మెసేజ్‌లోనే నాలుగు ముక్కలు పెట్టుంటే అందరికీ అరగంట మిగిలేది, నాకు పరువు మిగిలేది. రసీదు మరీ ఘోరం: ‘బట్టలు 5 సంచులు, సామాన్లు 1 పెట్టె’. అంతే. అంత శ్రద్ధగా ఒక్కోటీ చూసినావిడ చేతి కింద నుంచి ఈ రసీదు రావడం నాకు అర్థం కాలేదు.

వచ్చే నెలకి మళ్లీ బుక్ చేశాను. దుప్పటి రెండు రోజులు ఎండలో వేశాను, కుక్కర్‌కి రబ్బరు కొన్నాను. హెల్మెట్ మాత్రం ఇంకా బాల్కనీలోనే ఉంది. స్వెటర్ మా ఆయన ఇప్పటిదాకా ఒక్కసారీ వేసుకోలేదు.