ఇల్లు కొనేవారికి హెచ్చరిక: నేల కింద వేసిన కరెంటు లైనును కదిపి చూడకుండా నమ్మవద్దు

కట్టి సిద్ధంగా ఉన్న ఇంటిని, ముఖ్యంగా కింది అంతస్తు ఇంటిని కొనబోతున్నవారు దయచేసి ఇది చదవండి. మేము కొన్న ఇంట్లో మెయిన్ బోర్డు నుంచి వెనుక గదుల బోర్డుకు వెళ్లే లైనును హాలు కాంక్రీటు కిందుగా, మట్టిలో వేశారు. కొనే ముందు ఆ సంగతి నేను అడగకపోలేదు. అమ్మినాయన రెండు బోర్డుల కిందా గోడలోంచి పైకి వచ్చిన పీవీసీ పైపు మూతులను చూపించి, లైను మొత్తం పైపులోనే ఉందని చెప్పారు. రెండు కొసలా కనిపించిన పైపు మధ్యలో లేకపోవచ్చునన్న అనుమానం నాకు రాలేదు. అది మీకు రావాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి వానాకాలంలోనే ఆర్‌సీసీబీ పదే పదే ట్రిప్ కావడం మొదలైంది. లైనులోంచి భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు కారినా సరఫరాను ఆపేయవలసిన పరికరం అది. అది తన పని సక్రమంగా చేస్తూ ఉంటే, అదే పాడైందని చెప్పి అమ్మినాయన పంపిన మనుషులు కొత్తది బిగించారు. అదీ ట్రిప్ అయ్యేసరికి, దాన్ని తీసేసి మామూలు ఎంసీబీతోనే నడిపిద్దామన్నారు. ఈ సలహా ఎవరిచ్చినా ససేమిరా ఒప్పుకోకండి. ఎంసీబీ ఓవర్‌లోడు నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి వైర్లను కాపాడుతుందే తప్ప, మనిషి ఒంటి మీదుగా భూమిలోకి పోయే కొద్దిపాటి కరెంటును పసిగట్టలేదు, ప్రాణం తీయడానికి ఆ కొద్దిపాటి కరెంటే చాలు.

చివరకు మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. ఆయన లైనును రెండు వైపులా విప్పి, వైరు తొడుగు కరెంటును బయటికి కారకుండా ఎంతవరకు ఆపుతోందో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో వైరుకూ ఎర్తుకూ మధ్య ఇన్సులేషన్ కొలిస్తే, కనీసం 1 మెగోమ్ ఉండవలసిన చోట సున్నాకు దగ్గరగా చూపింది. పైపులో ఉన్న వైర్లే కదా, లాగి కొత్తవి ఎక్కిద్దామని ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే అవి వెంట్రుకవాసి కూడా కదలలేదు. టైల్స్ లేపి కాంక్రీటు పగలగొట్టించాక తెలిసింది: కనిపించే పైపు నేలలోకి మూరెడే ఉంది, ఆ తర్వాత గోడల్లో వాడే మామూలు వైర్లనే కంకర కలిసిన మట్టిలో పరిచి, మధ్యలో టేపు చుట్టిన జాయింటు కూడా వేసి, పైన దిమ్మిస కొట్టి కాంక్రీటు పోసేశారు. కంకర మొనలు తొడుగును చీల్చిన చోటల్లా నీరు చేరింది.

మట్టిలో నేరుగా వేయడానికి లోహపు కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ వేరే ఉంది. అయితే ఇంటి కింద మాత్రం దానికి కూడా పైపు ఉండాలనే నా అభిప్రాయం, ఎందుకంటే పెరట్లో పాడైన కేబుల్‌ను తవ్వి తీయవచ్చు, నట్టింట్లో పాడైనదాన్ని తీయాలంటే ఇల్లే తవ్వాలి. పైపు వేసినంత మాత్రాన లోపల పొడిగా ఉంటుందనుకోవద్దు; భూమిలోని పైపులో చెమ్మ పట్టి నీరు నిలుస్తుంది, కాబట్టి అందులోని వైర్లు తడికి తట్టుకునే రకం కావాలి. నేల కింద జాయింటు అసలే ఉండకూడదు. వంపులు పెద్దవిగా, తక్కువగా ఉండాలి. పునాది గోడను దాటే చోట పైపు చుట్టూ కొంత సందు వదలకపోతే, మట్టి కుంగినప్పుడు అది అక్కడే విరుగుతుంది.

ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంటే, కాంక్రీటు పోయకముందు మీరే వెళ్లి పైపును ఈ కొస నుంచి ఆ కొస వరకు కళ్లారా చూసి, గోడల నుంచి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి. పూర్తయిన ఇల్లయితే, చివరి సొమ్ము చెల్లించక ముందే, అమ్మేవారితో సంబంధం లేని ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ ఆపించి, ఆ లైనును విప్పించి, ఒక కొస నుంచి జానెడు వైరు లాగించి రెండో కొస కదులుతుందో లేదో చూడండి, మెగ్గర్ రీడింగు రాయించుకోండి. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి చూపిస్తే సరిపెట్టుకోకండి; అది ఆ పరికరం పనిచేస్తోందని చెబుతుంది గానీ, నేల కింద ఏముందో చెప్పదు.

మేము పాత లైనును రెండు కొసలా కోసి, మూతులు మూయించి, వాడకూడదని రెండు బోర్డుల మీదా రాయించాం. కొత్త లైను ఇప్పుడు గోడ పైభాగాన, కంటికి కనిపించే పైపులో వెళుతోంది.