నకషిమా కుర్చీ: చాలా ఏళ్లు కూర్చున్నాక

దీనికి మెత్త లేదు, చేతులు లేవు, చక్రాలు లేవు, ఎత్తు మార్చే మీట లేదు. అయినా మా ఇంట్లో ఎవరు ముందు లేస్తే వాళ్లు ఆక్రమించేది ఈ కుర్చీనే. జపాన్ మూలాలున్న అమెరికన్ ఆర్కిటెక్టు, వడ్రంగి జార్జ్ నకషిమా 1940లలో రూపొందించిన ‘స్ట్రెయిట్ చెయిర్’ ఇది. న్యూజెర్సీలో ఒక పాత సామాన్ల అమ్మకంలో కొన్నాం. అప్పటికి మా పెద్దవాడు ఇంకా బడిలో చేరలేదు. ఇప్పుడు కాలేజీ దరఖాస్తులు దీని మీద కూర్చునే నింపుతున్నాడు. కొత్త ముచ్చట ఎప్పుడో తీరిపోయింది కనుక మంచిచెడ్డలు రెండూ చెప్పగలను.

ముందు కూర్చోవడం సంగతి. వాల్‌నట్ పలకను నడుం కింది భాగం ఇమిడేట్టు కొద్దిగా లోపలికి చెక్కారు. ఆ వంపు కంటికి సరిగా ఆనదు, కూర్చున్నాకే తెలుస్తుంది. వీపుకు ఆసరాగా నిలిచిన సన్నటి పుల్లలు హికరీ కర్రవి. అమెరికాలో గొడ్డళ్లకూ సుత్తులకూ పిడులు వేసేది ఆ కర్రతోనే. దెబ్బకు విరగకుండా సాగి నిలిచే గుణం దానిది. అందుకే వెనక్కి ఆనుకుంటే పుల్లలు వెంట్రుకవాసి వంగి, మళ్లీ నిటారుగా వస్తాయి. పాతకాలపు ఇంగ్లిషు విండ్సర్ కుర్చీల పద్ధతి ఇది. అందులోని నగిషీలన్నీ తీసేసి ఎముకల గూడు మాత్రం ఉంచుకున్నారు నకషిమా.

చేతులు లేకపోవడం లోపమని మొదట్లో మా ఆవిడ అంది. ఆ మాట మార్చింది మా అమ్మ. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నప్పుడు ఆవిడ ఏ సోఫాలోనూ కుదురుగా కూర్చోలేకపోయింది. కాళ్లు వేలాడేసుకుంటే నీరు దిగుతుందని ఆవిడ బాధ. ఈ కుర్చీలో మాత్రం బాసింపట్టు వేసుకుని గంటల తరబడి చిక్కుడుకాయలు ఒలిచేది. చేతులున్న కుర్చీలో మోకాళ్లు పట్టవు కదా. జపాన్ మూలాలున్న మనిషి నేలమీద కూర్చునే అలవాటును మనసులో పెట్టుకునే చేశారో లేదో నాకు అనవసరం. నేలమీద కూర్చుని పెరిగిన వాళ్లకు ఈ కుర్చీ నప్పుతుంది, అంతే.

చెడ్డ సంగతి కూడా చెప్పాలి. రెండు గంటలు దాటితే కట్టె కట్టెలాగే ఉంటుంది. పలచటి బొంత మడిచి వేసుకుంటాను. వీపు సగం వరకే అందుతుంది కనుక మెడకు ఆసరా లేదు. కంప్యూటర్ ముందు రోజంతా పనిచేసే వాళ్లు దీన్ని ఆఫీసు కుర్చీగా వాడకండి. అన్నం తినడానికి, చదువుకోవడానికి, పక్కింటివాళ్లు వస్తే మాట్లాడటానికి దీనికి సాటి లేదు.

ఈ కుర్చీ ఇలా ఉండటానికి కారణం చేసిన మనిషి బతుకులో ఉంది. నకషిమా 1905లో అమెరికాలోని స్పోకేన్‌లో, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. మొదట అటవీశాస్త్రం, తర్వాత ఆర్కిటెక్చర్ చదివారు. టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తుండగా 1937లో పాండిచ్చేరికి పంపారు. శ్రీ అరవిందాశ్రమంలో కట్టబోయే వసతిగృహం పని చూసుకోవడం ఆయన బాధ్యత. ఆ కట్టడానికి డబ్బు వచ్చింది మన హైదరాబాద్ నుంచే. నిజాం సంస్థానంలో దివాన్‌గా ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో లక్ష రూపాయలు అందాయి. ఆ కృతజ్ఞతతోనే భవనానికి ‘గోల్కొండ’ అని పేరు పెట్టారు. మన కోట రాతిది, అది కాంక్రీటుది. లోపలికి అనుమతి దొరకడం తేలిక కాదు. మేం వెళ్లినప్పుడు వీధిలోంచే ఆ గోడ పొడవునా ఉన్న అడ్డపలకల వరసలను చూసి తృప్తిపడ్డాం. గదుల్లోని టేకు సామాను కూడా ఆయన గీసిందే. పని చూడటానికి వచ్చిన మనిషి జీతం వద్దని ఆశ్రమవాసిగా చేరిపోయారు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. అయినా 1939లో అక్కడి నుంచి బయల్దేరారు. ఆయన వెతుకుతున్నది ఆశ్రమంలో పూర్తిగా దొరకలేదనే అనుకుంటాను. దొరికింది సంసారంలో.

1941లో మారియన్ ఒకజిమాను పెళ్లాడారు. మరుసటి ఏడాది కూతురు మీరా పుట్టింది. పిల్ల ఒడిలో ఉండగానే ముగ్గురినీ ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరానికి తరలించారు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక జపాన్ మూలాలున్నవాళ్లు సుమారు 1,20,000 మందిని అమెరికా ఇలా ముళ్లకంచెల మధ్య ఉంచింది. అక్కడ ఆయనకు గెంటారో హికొగావా అనే వడ్రంగి తటస్థపడ్డారు. జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో పని నేర్చుకున్న మనిషి. పారేసిన పెట్టెచెక్కలూ ఎడారి పొదల కర్రా పోగుచేసి, నివాసాలను కాస్త ఉండదగ్గవిగా మార్చే పనిలో నకషిమా ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టడం, ఒక కర్ర కొసను, అంటే కుసిని, ఇంకో కర్ర బెజ్జంలో బిగువుగా దిగేలా చెక్కడం నేర్చుకున్నారు. డిగ్రీలున్న ఆర్కిటెక్టు అప్పటికి ముప్ఫైల చివర్లో ఉన్నారు. ఆ వయసులో మళ్లీ శిష్యరికం చేయడం నాకు ఆయన కట్టిన ఏ భవనం కన్నా పెద్ద విషయంగా తోస్తుంది.

1943లో రేమండ్ హామీతో బయటపడి పెన్సిల్వేనియాలోని న్యూ హోప్ చేరారు. మొదట చేసింది కోళ్ల పెంపకం పని. తర్వాత చిన్న స్థలం సంపాదించుకుని, ముందు వర్క్‌షాప్, ఆ తర్వాత ఇల్లు తన చేతులతోనే కట్టుకున్నారు. నా స్ట్రెయిట్ చెయిర్ ఆ రోజుల నాటి ఆలోచన. నోల్ అనే ఫర్నిచర్ కంపెనీ 1946లో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. తన వర్క్‌షాప్‌లోనూ చేసుకునే హక్కును ఆయన వదులుకోలేదు. లెక్కలూ ఉత్తరాలూ కొనేవాళ్లతో మాటలూ మారియన్ చూసుకునేవారు. కూతురి కోసం చేసిన ఎత్తు కుర్చీ తర్వాత ‘మీరా చెయిర్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. అంటే ఈ సామాను ముందు ఒక ఇంట్లో పిల్లల చేత పరీక్ష పాసైంది. ప్రదర్శనశాల కోసం గీసిన కుర్చీకీ దీనికీ తేడా అక్కడే వస్తుంది.

అమెరికాలో ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి మాత్రం పెద్ద బల్లలు. చెట్టు అంచును ఉన్నదున్నట్టు వదిలేసి, పగుళ్ల మీద సీతాకోకచిలుక ఆకారంలో బిళ్లలు దించిన బల్లలు. ఒకసారి అమ్మను న్యూ హోప్ తీసుకెళ్లి అవి చూపిస్తే, “మన వడ్రంగి ఇలాంటి పలకను పొయ్యిలోకి పంపేవాడురా” అంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. మన దగ్గర టేకులో చేవ మాత్రమే పనికొస్తుంది, పైనుండే తెల్లచెక్కను పురుగు తింటుంది. కనుక అంచు చెక్కేయడం మన వడ్రంగుల అజ్ఞానం కాదు, అనుభవం. కృష్ణా జిల్లా ఉక్కపోతలో అంచు వదిలిన బల్ల కావాలనుకునేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కుర్చీలతో ఆ చిక్కు లేదు.

నిర్వహణ పెద్దగా లేదు. పైన మెరిసే పూత లేకుండా నూనె మాత్రమే పట్టించిన కర్ర ఇది. గీత పడితే సన్న కాగితంతో రుద్ది మళ్లీ కాస్త నూనె పూస్తాను. పసుపు మరక మాత్రం మొండిది. సాంబారు ఒలికిన చోట చాలా నెలలు లేతగా కనబడి, కర్ర రంగు మారేకొద్దీ అందులోనే కలిసిపోయింది. చలికాలంలో హీటరు గాలికి కర్ర ఎండి, ఒక పుల్ల కిర్రుమనేది. ఊరిలో ఒక మరమ్మతు దుకాణంవాడు మేకు దించుతానన్నాడు. కుర్చీ అక్కడి నుంచి వెంటనే తెచ్చేశాను. కర్ర బిగువు మీద నిలిచే కీలులో ఇనుము దించితే, వేసవిలో కర్ర ఉబ్బినప్పుడు కదలడానికి చోటుండదు, అక్కడే పగులుతుంది. గదిలో తేమ పెంచే యంత్రం పెట్టాక ఆ చప్పుడు ఆగింది. మరీ వదులైతే నకషిమా వర్క్‌షాప్‌వాళ్లే పాత సామాను బాగుచేసి ఇస్తారు.

అవును, ఆ వర్క్‌షాప్ ఇంకా నడుస్తోంది. ఆర్కిటెక్చర్ చదివిన మీరా 1970లో తండ్రి దగ్గర పనిలో చేరారు. 1990లో ఆయన పోయాక బాధ్యత తీసుకున్నారు. దానికి ముందు ఏడాది ప్రిన్స్‌టన్‌లో ఒక ఇల్లు కాలిపోయి, అందులో ఆయన చేసిన వందకు పైగా వస్తువులు బూడిదయ్యాయి. ఎనభై నాలుగేళ్ల వయసులో ఆయన వాటిని తిరిగి చేయడానికి పూనుకున్నారు. ఆ పని ముగించింది కూతురు.

కొనదలచిన వాళ్లకు రెండు మాటలు. నోల్ 2008లో ఈ నమూనాను మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది, అది కొంత సులభంగా దొరుకుతుంది. పాతది కొంటే తిరగేసి అడుగు చూడండి. ఆయన చాలాకాలం తన పనిమీద సంతకం పెట్టలేదు. వర్క్‌షాప్‌లో చేసిన వాటి అడుగున, చేయించుకున్నవాళ్ల ఇంటిపేరు సిరాతో రాసి ఉండేది. నా కుర్చీ అడుగున ఎవరిదో ఇంటిపేరు ఉంది, నేను చెరపలేదు. అయితే పేరు ఉన్నంత మాత్రాన అసలుదని నమ్మి డబ్బు పోయకండి. అనుమానముంటే వర్క్‌షాప్‌కు ఫొటోలు పంపి అడగండి. వేలంపాటల్లో ధరలు చూసి బెదరకండి, ఆ అంకెలు ఎక్కువగా పెద్ద బల్లలవి. విడి కుర్చీ కూడా చవక కాదు. నా మటుకు నాకు, నలుగురు కూర్చునే సెట్ కోసం ఆగి డబ్బు కూడబెట్టడం కన్నా ఒక్కటి కొని రోజూ వాడటమే మేలు. అద్దాల గదిలో తాడు కట్టి పెట్టిన నకషిమా కుర్చీని ఒక ధనవంతుల ఇంట్లో చూశాను. దాని పలక ఇంకా కొత్త దానిలానే ఉంది, నాది మా పిల్లల ఒరుపుకు తేనెరంగుకు తిరిగింది.