సైబర్ పాలసీ వాడి చూశాక: సబ్ లిమిట్ పేజీ ముందు చదవండి

చిన్న వ్యాపారాల సైబర్ పాలసీలో, అంటే ఆన్‌లైన్ దాడులూ మోసాల నష్టానికి తీసుకునే బీమాలో, ఏమేమి కవర్ అవుతాయో బ్రోషర్‌లోనే ఉంటుంది. నాకు కోపం తెప్పించిన క్లాజు ఒక్కటే: మోసపోయి మన చేత్తో మనమే పంపిన డబ్బు. మా పాలసీలో, ఎవరైనా సర్వర్‌లోకి చొరబడి ఫైళ్లు లాక్ చేస్తే పూర్తి కవర్ వర్తిస్తుంది. దొంగ ఇన్‌వాయిస్ నమ్మి అకౌంట్స్ వాళ్లు డబ్బు బదిలీ చేస్తే మాత్రం అది ‘సోషల్ ఇంజినీరింగ్’ కిందికి పోతుంది. దానికి వేరే సబ్ లిమిట్, అంటే మొత్తం కవర్ లోపలే ఆ ఒక్క నష్టానికి పెట్టిన చిన్న పరిమితి. మాకు అది మొత్తం కవర్‌లో పదోవంతే.

మా క్లెయిమ్‌కి ఆ పదోవంతు కూడా దక్కలేదు. చొరబాటు జరిగింది సప్లయర్ మెయిల్‌బాక్స్‌లో. దొంగ అందులో మెయిళ్లు తనకూ చేరేలా ఫార్వర్డింగ్ రూల్ పెట్టి, ఉత్తరప్రత్యుత్తరాలన్నీ గమనించి, అసలు ఇన్‌వాయిస్ నంబరుతోనే ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని అదే థ్రెడ్‌లో రాశాడు. నిర్ధారణ కోరుతూ అకౌంట్స్ నుంచి మెయిల్ వెళ్లింది. దానికి జవాబిచ్చిందీ ఆ దొంగే. మా కంప్యూటర్లలోకి ఎవరూ రాలేదు కాబట్టి ప్రధాన కవర్ వర్తించదని బీమా సంస్థ వాళ్లన్నారు. సబ్ లిమిట్ కింద అడిగితే ఎండార్స్‌మెంట్‌లోని (పాలసీకి జతచేసిన అదనపు పత్రంలోని) షరతు చూపించారు: ఖాతా వివరాలు మారినప్పుడు, అంతకుముందే మన దగ్గరున్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి, ఆ రికార్డు ఉండాలి. మెయిల్‌లో అడగడం చెల్లదు. షరతు మంచిదే, దాన్ని కాదనను. ప్రపోజల్ ఫారంలో దాని ఊసే లేకుండా చివరి పేజీల్లో పెట్టడం అన్యాయం.

ఆ రికార్డులో ఫోన్ చేసినవారు, మాట్లాడినవారు, తేదీ, సమయం, డయల్ చేసిన నంబరు, ఆ నంబరు ఏ పాత కాగితం నుంచి తీసుకున్నారు, ఇవన్నీ రాసిపెట్టాలి. కొత్త ఇన్‌వాయిస్ మీది నంబరు పనికిరాదు. ఖాతా వివరాలు మార్చేవారు, చెల్లింపు ఆమోదించేవారు వేర్వేరు మనుషులు కావాలి.

బీమా సంస్థ హాట్‌లైన్ వాళ్లు మాత్రం నిజంగా ఆదుకున్నారు. అన్నిటికంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి రీకాల్, అంటే పంపిన డబ్బు వెనక్కి తెప్పించమని, అడగమన్నారు. మెయిళ్లను ఫార్వర్డ్ చేయకుండా హెడర్లతో (మెయిల్ ఎక్కడి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలతో) సహా ఫైళ్లుగా భద్రపరచమన్నారు, ఏ కంప్యూటర్నీ ఫార్మాట్ చేయొద్దన్నారు. ఆ తొందర వల్ల బ్యాంకు కొంత మొత్తాన్ని ఆపగలిగింది. అయితే నిపుణులు వాళ్ల ప్యానెల్ వాళ్లే కావాలి. ముందస్తు అనుమతి లేకుండా మన టెక్నీషియన్‌ని పిలిస్తే ఆ బిల్లు మనదే.

రెన్యువల్ ఫారంలో మల్టీ ఫ్యాక్టర్ లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ) ప్రశ్న దగ్గర ఆగి చూసుకోండి. మెయిల్, రిమోట్ యాక్సెస్, అడ్మిన్ ఖాతాలు అన్నిటికీ ఉంటేనే ‘ఉంది’ అని రాయాలి. అమెరికాలో 2022లో ట్రావెలర్స్ అనే బీమా సంస్థ ఆ జవాబు నిజం కాదంటూ ఒక పాలసీదారుపై కోర్టుకెళ్లింది. చివరికి ఇరుపక్షాల అంగీకారంతో ఆ పాలసీ రద్దయింది.

సబ్ లిమిట్ పెంచి, కాల్ బ్యాక్ (ఫోన్ చేసి నిర్ధారించుకునే) షరతును రాతపూర్వకంగా వివరించాకే మేం మళ్లీ తీసుకున్నాం. మాకు సప్లయర్లకు పెద్ద బదిలీలు ఎక్కువ కాబట్టి ఇదంతా ముఖ్యం. కస్టమర్ల డేటా దాచుకోవడమే ప్రధానమైన వ్యాపారానికి ఈ పాలసీ పాత రూపంలోనే సరిపోవచ్చు.