బ్యాండ్‌క్యాంప్ రివ్యూ: కొట్టు భేషుగ్గా ఉంది, రచ్చబండ మాత్రం మనమే కట్టుకోవాలి

సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు నలుగురు కూడితే మాట మూడు చోట్ల తిరుగుతుంది: మనం ఎవరం, మనవాళ్లెవరు, ఈ పాట ఎలా పుట్టింది. నాలుగోది డబ్బు. దాన్ని చివర్లో, కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. కళాకారులు తమ పాటల్ని శ్రోతలకు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్. 2008లో మొదలైన ఇది ఈ నాలుగో ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. మిగతా మూడింటికి కూడా అందులో సరంజామా ఉందిగానీ, ఎక్కడుందో తెలిసి వాడుకోవాలి. ఇదీ ఒక స్ట్రీమింగ్ యాపే, పాట పెడితే జనం వాళ్లే వస్తారు అనుకుని దిగితే ఆర్నెల్లకు విసుగొస్తుంది. ఇది కొట్టు. సరుకు సర్దే అర ఇస్తారు, గల్లాపెట్టె ఇస్తారు. గిరాకీని పిలవడం మన పని.

ముందు డబ్బు సంగతి. ఖాతా తెరవడం ఉచితం. డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం, ఎల్‌పీలు, క్యాసెట్లు, టీషర్టుల్లాంటి వస్తువుల మీద 10 శాతం కంపెనీ వాటా. పన్నెండు నెలల్లో అమ్మకాలు 5,000 డాలర్లకు చేరితే ఆ 15 కాస్తా 10కి దిగుతుంది. చెల్లింపు రుసుము దీనికి అదనం. అన్నీ పోగా సగటున నూటికి 82 కళాకారులకో లేబుళ్లకో చేరుతుందని కంపెనీ చెప్పే లెక్క. ఇక్కడ సగటు అన్న మాటను దాటేయకూడదు. చెల్లింపు రుసుములో కొంత భాగం అమ్మకం ఎంత చిన్నదైనా అంతే ఉంటుంది. కాబట్టి ఒక డాలరు పాట మీద కోత, పది డాలర్ల ఆల్బం మీద కోతకంటే ఎక్కువ శాతంలో పడుతుంది. నాలుగు పాటలుంటే నాలుగు విడి సింగిల్స్‌గా పెట్టడంకంటే ఒక ఈపీగా (చిన్న ఆల్బంగా) కట్టి అమ్మడమే మేలు.

ధర విషయంలో ఈ కొట్టు తెలివి మెచ్చుకోదగ్గది. కనీస ధర మనం పెడతాం, ఆపైన ఎంతిస్తారన్నది కొనేవాళ్ల ఇష్టం. కనీసం సున్నా కూడా పెట్టొచ్చుగానీ, ఉచిత డౌన్‌లోడ్లు నెలకు 200 దాకానే వస్తాయి. తర్వాత కావాలంటే కొనుక్కోవాలి. సున్నా పెట్టేట్టయితే ఈమెయిల్ ఇస్తేనే డౌన్‌లోడ్ అన్న గడి తప్పకుండా టిక్ చేయండి. పాట ఊరికే ఇచ్చి చిరునామా కూడా అడగకపోవడం దానం కాదు, మతిమరుపు.

కొత్తవాళ్లు ఉలిక్కిపడే సంగతొకటుంది. అమ్మకం డబ్బు నేరుగా పేపాల్ (ఆన్‌లైన్ చెల్లింపుల సేవ) ఖాతాకు పడే పద్ధతిలో కంపెనీ తన వాటాను ప్రతిసారీ కోసుకోదు, బాకీగా రాసుకుంటూ పోతుంది. ఆ బాకీ ఒక అమ్మకం విలువకు చేరగానే ఆ అమ్మకం మొత్తాన్నీ తన పద్దులో జమ వేసుకుంటుంది. ఐదో ఆరో అమ్మకాలు సక్రమంగా పడి, ఏడోది పైసా కూడా రాకపోతే మోసం జరిగిందని రచ్చకెక్కకండి. లెక్క కూడితే సరిపోతుంది.

బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే 2020 మార్చి 20న మొదలైంది. ఆ రోజు కంపెనీ తన వాటా వదులుకుంటుంది, చెల్లింపు రుసుము మాత్రం పోదు. సగటున నూటికి 93 చేతికొస్తుందని వాళ్ల లెక్క. ప్రతి నెలా ఉండదు, తేదీలు ముందే ప్రకటిస్తారు. రోజు మొదలు, చివర అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం కాబట్టి మన గడియారంతో సరిచూసుకోవాలి. ఆ ఒక్కరోజే అందరూ మెయిళ్లు గుమ్మరిస్తారు, మన మెయిల్ అడుగున పడిపోతుంది. రెండు రోజుల ముందు ఒకటి, ఆ రోజు రెండు ముక్కల గుర్తు ఒకటి పంపితే సరి.

ఇక ఫైళ్లు. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. శబ్దం ఏమీ పోగొట్టని వేవ్, ఏఐఎఫ్ఎఫ్, ఫ్లాక్ రకాలు మాత్రమే తీసుకుంటుంది, ఎంపీ3 పెడితే తిప్పికొడుతుంది. ఎంపీ3ని వేవ్‌గా మార్చి పెడితే గేటు దాటుతుందిగానీ పోయిన శబ్దం తిరిగి రాదు. ఫ్లాక్ కొన్నవాడు స్పెక్ట్రం (శబ్దంలోని పౌనఃపున్యాల పటం) తెరిచి చూస్తే పైభాగం కత్తిరించినట్టు కనిపిస్తుంది, పరువు పోతుంది. కొత్త ఖాతాలో ఒక ట్రాక్ 291 ఎంబీ దాటకూడదు. దీన్ని నిమిషాల్లోకి మార్చుకుంటేనే అర్థమవుతుంది. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ నిమిషానికి సుమారు 10.6 ఎంబీ, అంటే 27 నిమిషాల దాకా పడుతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అయితే నిమిషానికి 17.3 ఎంబీ, 16 నిమిషాలు దాటగానే ఇబ్బంది. అదే 96 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది నిమిషాలకే గోడ తగులుతుంది. పొడవైన లైవ్ రికార్డింగులు, జామ్‌లు ఎక్కించేవాళ్లు అదే మాస్టర్‌ని (పాట ఆఖరి రూపాన్ని) ఫ్లాక్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే నాణ్యత చెక్కుచెదరకుండా పరిమాణం బాగా తగ్గుతుంది. బిట్ డెప్త్‌ను 24 నుంచి 16కి తగ్గించే ముందు ఇది ప్రయత్నించాలి.

కొన్నవాళ్లకు ఫ్లాక్, వేవ్, ఎంపీ3 320 లాంటి రకాల్లో ఏది కావాలంటే అది దొరుకుతుంది. కొనకముందు పేజీలో వినేది మాత్రం 128 కేబీపీఎస్ ఎంపీ3. కొనాలా వద్దా అని మనసులో తేల్చుకునేది ఆ 128తోనే, మన 24 బిట్ మాస్టర్‌తో కాదు. మాస్టర్ పీక్‌లు సున్నా దాకా తోస్తే ఎంపీ3గా మారేటప్పుడు తరంగం సున్నా దాటి చిటపటలు వస్తాయి. ట్రూ పీక్, అంటే తరంగం నిజంగా చేరే గరిష్ఠ ఎత్తు, మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. డ్రమ్ సెట్‌లోని సింబల్స్ (తాళాలు), చప్పట్లు, ఊపిరి ఎక్కువగా వినబడే ఫ్లూట్, ఇవి 128లో ముందుగా చెదిరిపోతాయి. మిక్స్ అయ్యాక ఇంట్లోనే ఒక 128 ఎంపీ3 చేసుకుని మామూలు ఇయర్‌ఫోన్లలో విని, ఆ తర్వాతే ఎక్కించండి. పాట నుంచి పాటలోకి ఆగకుండా జారిపోయే ఆల్బమైతే వెబ్ ప్లేయర్లో సందుల దగ్గర చిన్న విరామం వినిపిస్తుంది. డౌన్‌లోడ్ చేసుకున్న ఫ్లాక్‌లో ఆ బాధ లేదు. ఆ సందు మరీ ముఖ్యమైతే రెండింటినీ కలిపి ఒకే ట్రాక్‌గా పెట్టడమే దారి. కవర్ బొమ్మ కనీసం 1400 పిక్సెళ్ల చదరం ఉండాలి. అక్షరాలు మరీ సన్నగా వేస్తే ఫోన్లో చీమలబారే.

మనం ఎవరం అన్న ప్రశ్న ఇక్కడ పేరుతో, లింకుతో మొదలవుతుంది. ఒక ఖాతాకు ఒక పేజీ. ఒకే మనిషి గిటార్ పాటలు ఒక పేరుతో, ఎలక్ట్రానిక్ ఇంకో పేరుతో చేస్తే రెండు ఖాతాలు తెరవాలి, లేదా నెలకు 20 డాలర్లకు 15 మంది కళాకారుల్ని పెట్టుకునే లేబుల్ ఖాతా తీసుకోవాలి. రెండు రకాలనూ ఒకే పేజీలో కుక్కితే ఒకదాని కోసం ఫాలో అయినవాడికి రెండోదాని మెయిళ్లు వెళ్తాయి, వాడు ఫాలో తీసేస్తాడు. పేరు మార్చాలనిపించడం సహజమే. కానీ కార్డుల మీద, పోస్టుల్లో చల్లిన పాత లింకులన్నీ వెతుక్కుని మార్చుకోవాలి, అందుకని లింకు పేరు మొదట్లోనే ఖాయం చేసుకోండి.

తెలుగు లిపిలో పేర్లు పెట్టేవాళ్లకు ఒక చికాకు. పేజీ మీద తెలుగు చక్కగా కనిపిస్తుంది, లింకులో మాత్రం ఆ అక్షరాలు ఎగిరిపోయి గీతలు మిగులుతాయి. రెండు మూడు ఆల్బంలయ్యాక ఏ లింకు దేనిదో మనకే తెలియదు. తెలుగు పేరు పక్కన ఒక అడ్డగీత పెట్టి అదే పేరు ఇంగ్లిషు అక్షరాల్లో కూడా రాస్తే లింకు చదవగలిగేలా తయారవుతుంది, వెతికేవాళ్లకూ దొరుకుతుంది. ఇన్నేళ్ల సేవలో ఇది ఇంకా ఇలాగే ఉండటం ఒప్పుకోదగ్గది కాదు.

పాటకు తగిలించే వెతుకులాట మాటలు, అంటే ట్యాగులు, మన గుర్తింపుకు చిరునామా లాంటివి. రాక్, పాప్ అని ఊరుకుంటే సముద్రంలో కాకిరెట్ట. మరీ మనకు మాత్రమే తెలిసిన పేరు పెట్టినా ఎవరూ నొక్కరు. ఒకటి పెద్ద జానర్, రెండు మూడు సన్నని ఉపజానర్లు, భాష, ప్రధాన వాయిద్యం, ఊరు. ఈ పాళ్లు పనిచేస్తాయి. ఊరి పేరును తేలిగ్గా తీసుకోకండి. అదే ఊరి ట్యాగ్ నొక్కితే పక్కవీధి డ్రమ్మర్ కనబడే అవకాశం ఉంది.

ఆల్బంలో పరిచయానికి ఒక గడి, క్రెడిట్లకు ఒక గడి, ప్రతి పాటకూ సాహిత్యానికి ఒక గడి ఉంటాయి. చాలామంది ఖాళీగా వదిలేసేది క్రెడిట్ల గడినే. పాట ఒంటరిగా పుట్టలేదని లోకానికి చెప్పే చోటు అదొక్కటే. ఎవరు వాయించారు, ఎవరు రికార్డు చేశారు, మిక్స్, మాస్టర్, బొమ్మ, అన్నీ రాయండి. లోపమేమిటంటే అది ఉత్త అక్షరాల గడి. కంజీర వాయించినవాళ్ల పేరు రాసినంత మాత్రాన అది వాళ్ల పేజీలో కనబడదు.

అంతకంటే పెద్ద లోపం: వచ్చిన డబ్బును భాగస్వాములకు తనంతట తాను పంచే ఏర్పాటు లేదు. అంతా ఒక్క ఖాతాకే వస్తుంది. ఐదు డాలర్ల అమ్మకంలో చేతికి నాలుగు డాలర్ల పది సెంట్లు వచ్చాయనుకుందాం. 40, 30, 20, 10 శాతం వాటాలైతే నాలుగో మనిషికి 41 సెంట్లు. దాన్ని పంపడానికే అంతకు మించి ఖర్చవుతుంది. కాబట్టి మూడు నెలలకొకసారి, లేదా ఎవరి వాటా అయినా 50 డాలర్లకు చేరినప్పుడు పంచుకోవాలని పాట ఎక్కించకముందే కాగితం మీద రాసుకోండి. బాణీ, సాహిత్యం వాటా వేరు, రికార్డింగ్ వాటా వేరు. మిక్సింగ్ ఖర్చు ముందే తీసేసి పంచాలా, పంచాక తీయాలా అన్నది కూడా అందులో ఉండాలి. బ్యాండ్లు విడిపోయేది స్వరాల దగ్గర కాదు, ఈ ఆఖరి వాక్యం రాయకపోవడం దగ్గర.

పాట ఎలా వినబడుతోందో తెలుసుకోడానికి గణాంకాలు పనికొస్తాయి. ప్రతి వినికిడినీ మూడు రకాలుగా చూపిస్తుంది: 90 శాతం దాటి విన్నవి పూర్తి, 10 శాతంలోపే వదిలేసినవి దాటవేత, మధ్యవన్నీ పాక్షికం. నాలుగు నిమిషాల పాటలో 10 శాతమంటే 24 సెకన్లు. ఇంట్రో 30 సెకన్లు ఉంటే దాటేసినవాళ్లెవరూ గొంతు వినలేదన్నమాట. ఆ లెక్క చూసి ఇంట్రో నరికేయాలని కాదు, ఆ పాటను ఆల్బంలో మొదటిదిగా పెట్టకపోతే చాలు. ముప్పై వినికిళ్లతో మాత్రం ఏ తీర్పూ చెప్పకండి. అందులో సగం మన స్నేహితులే.

విడుదలయ్యాక కూడా ఆడియో ఫైల్ మార్చొచ్చు. మిక్స్‌లో తప్పు దొర్లితే ఇది వరం, చేతులు ఊరుకోనివాళ్లకు వ్యసనం. పాత రూపం పేజీలో మిగలదు, ఇదివరకే దించుకున్నవాళ్లకు మారిందని మనమే చెప్పాలి. అందుకే మార్చిన తేదీ పరిచయంలో ఒక లైను రాయడం మర్యాద.

మనవాళ్లెవరు అన్నదానికి వస్తే, ఆల్బం కింద కొన్నవాళ్ల చిన్న బొమ్మలు, వాళ్లు రాసిన రెండు మాటలు కనిపిస్తాయి. వాళ్ల బొమ్మ నొక్కితే ఇంకేం కొన్నారో తెలుస్తుంది. మన శ్రోతే కొన్న వేరే చిన్న కళాకారులతో కలిసి ఒక కచేరీ, ఒక సంకలనం చేయడం ఏ ప్రకటనకంటే గట్టి దారి. ఇంతకుమించి సంఘం అన్నది ఇక్కడ పుట్టదు. సంగీతకారులు తమలో తాము మాట్లాడుకునే చోటు లేదు. 2016 నుంచి నడుస్తున్న బ్యాండ్‌క్యాంప్ డైలీ మంచి పత్రికేగానీ, అందులో చోటు దొరుకుతుందని లెక్కలు వేసుకోకూడదు.

2026 జనవరిలో, పూర్తిగా గానీ చాలావరకు గానీ ఏఐతో తయారైన సంగీతాన్ని నిషేధించారు. చేత్తో చేసుకునేవాళ్లకు ఇది ఊరటే. అనుమానం మన మీదికే వస్తుందేమో అనుకునేవాళ్లు ప్రాజెక్టు ఫైళ్లు, విడి టేక్‌లు భద్రంగా దాచుకుంటే మంచిది.

కొట్టు యజమానులు మారుతున్నారన్నది మాత్రం మరచిపోకూడదు. 2022లో వీడియో గేమ్‌ల కంపెనీ ఎపిక్ గేమ్స్ కొంది, 2023లో సంగీత లైసెన్సింగ్ కంపెనీ సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది, ఆ చేతులు మారడంలో సిబ్బందిలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. ఫాలోవర్లు కంపెనీ గోడల మధ్య ఉంటారు. చిరునామా ఇచ్చిన శ్రోతల జాబితా మాత్రం సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దించుకోవచ్చు. నెలకొకసారి దించి, వేరే చోట దాచండి.

ప్రో ఖాతా నెలకు 10 డాలర్లు. విడుదలకు ముందు పాటను కొద్దిమందికే వినిపించాలన్నా, ఒకేసారి చాలా ట్రాక్‌లు ఎక్కించాలన్నా, సొంత డొమైన్ పెట్టుకోవాలన్నా తీసుకోండి. ఏడాదికి ఒక ఈపీ చేసేవాళ్లు ఎక్కించే నెలకు తీసుకుని, పని కాగానే ఆపేస్తే చాలు.