ఇరవై మూడు ఎక్స్‌టెన్షన్లలో నాలుగు మిగిలాయి: పదహారేళ్ల వాడకం తర్వాత

ఆఫీసులో కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. పాతదాంట్లో క్రోమ్ బ్రౌజర్ తెరిచి ఏమేం ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయా అని లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి. సగం ఎప్పుడు వేసుకున్నానో కూడా గుర్తు లేదు. కొత్తదాంట్లోకి తెచ్చుకున్నవి నాలుగే. మా టీమ్‌లో పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, అన్నా, ఇక డెవలపర్ ఎక్స్‌టెన్షన్ల పని అయిపోయినట్టేనా అని. అయిపోలేదు గానీ మనం అలవాటుపడ్డ పద్ధతి మాత్రం అయిపోయింది.

నేను ఈ వెబ్‌సైట్లు కట్టే పనిలోకి వచ్చింది 2009లో, అమీర్‌పేట కోర్సు దారినే. మొదటి రోజు సార్ బోర్డు మీద ఏమీ రాయకుండానే, ఫైర్‌ఫాక్స్ వేసుకోండి, అందులో ఫైర్‌బగ్ వేసుకోండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. జో హెవిట్ అనే ప్రోగ్రామర్ 2006లో వదిలిన ఫైర్‌బగ్, అంటే పేజీ లోపలి కోడ్ విప్పి చూపించే ఎక్స్‌టెన్షన్, ఎంత పెద్ద విషయమో ఇప్పటి వాళ్లకు చెప్పినా అర్థం కాదు, ఎందుకంటే అంతకుముందు కోడ్‌లో వరసగా అలర్ట్‌లు పెట్టి ఓకే ఓకే అని నొక్కుకుంటూ తప్పు ఎక్కడుందో వెతుక్కునేవాళ్లు. పేజీలో ఒక బాక్సు మీద క్లిక్ చేస్తే దాని మార్జిన్ ఎంతో, ఏ సీఎస్ఎస్ (పేజీ రూపం నిర్ణయించే కోడ్) లైను నుంచి వచ్చిందో కనబడటం నాకైతే గారడీలా అనిపించింది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా యాడాన్లు మొత్తం ఆగిపోయాయి, వాటితోపాటే ఫైర్‌బగ్ కూడా. అయితే అప్పటికే అది చేసే పనులన్నీ బ్రౌజర్లోకి వచ్చేశాయి కాబట్టి పెద్దగా ఎవరూ ఏడవలేదు.

ఆ తర్వాత మిగతావాటికీ అదే జరిగింది. పేజీ వేగానికీ నాణ్యతకూ మార్కులు వేసే లైట్‌హౌస్ మొదట ఎక్స్‌టెన్షనే, తర్వాత డెవ్‌టూల్స్‌లో, అంటే బ్రౌజర్ లోపలే ఉండే డెవలపర్ పనిముట్లలో, ఒక ట్యాబ్ అయింది. రంగు ఎంచుకునేది, మొత్తం పేజీ స్క్రీన్‌షాట్ తీసేది, ఫోన్ సైజులో చూపించేది, సర్వర్లు డేటా పంపే రూపమైన జేసన్‌ను విడగొట్టి చూపించేది, వీటన్నిటికీ ఒకప్పుడు తలా ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది నా దగ్గర. ఫైర్‌ఫాక్స్‌లో జేసన్ వ్యూయర్ లోపలే ఉంది. క్రోమ్‌లో రెస్పాన్స్ హెడర్లు (సర్వర్ జవాబుకు ముందు వచ్చే సమాచార లైన్లు) మార్చుకోవడం 2023లో 113వ వెర్షన్‌తో డెవ్‌టూల్స్‌లోకే వచ్చేసింది. కాకపోతే మనం పంపే రిక్వెస్ట్ హెడర్ మార్చాలంటే మాత్రం నాకు ఇప్పటికీ ఎక్స్‌టెన్షనే కావాలి, స్టేజింగ్ సర్వర్‌కి (లైవ్‌లో పెట్టేముందు సైటును పరీక్షించుకునే చోటు) ఒక టోకెన్ పంపాలి కదా. మిగిలిన నాలుగింటిలో అదొకటి.

ఫాంట్ పేరు చెప్పే ఎక్స్‌టెన్షన్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, నాకు బాగా దెబ్బ తగిలింది అక్కడే. కొన్నేళ్లు ఒక తెలుగు వార్తల సైటుకు పనిచేశాను. అక్షరం మీద మౌస్ పెడితే ఫాంట్ పేరు చూపించే ఎక్స్‌టెన్షన్ ఒకటి వాడేవాణ్ణి. ఆఫీసులో ఒక మెషీన్లో హెడ్డింగులు బాగానే ఉన్నాయి, క్లయింటు దగ్గర విండోస్‌లో చూస్తే 'రాష్ట్రం' అన్న మాటకు కింద ఒత్తులు తెగిపోతున్నాయి. ఆయన ఫోన్ చేసి, రాష్ట్రానికి కాళ్లు విరగ్గొట్టారేంటండీ అన్నాడు. నా ఎక్స్‌టెన్షన్ని అడిగితే రెండు చోట్లా రోబోటో అనే చెబుతోంది. రెండ్రోజులు బుర్ర పాడైంది. తీరా చూస్తే రోబోటోలో తెలుగు అక్షరాలే లేవు! ఎక్స్‌టెన్షన్ మన సీఎస్ఎస్‌లో రాసిన జాబితాలోని మొదటి పేరు చదివి చెబుతోంది, తెర మీద నిజంగా అక్షరాలు గీస్తున్నది మాత్రం విండోస్‌లోని నిర్మలా యూఐ, మా మెషీన్లో నోటో శాన్స్ తెలుగు. రెండింటి ఎత్తులూ వేరు. మేమేమో ఇంగ్లిష్ అక్షరాలను చూసుకుని లైన్-హైట్ (వరస ఎత్తు) 1.2 పెట్టాం, బాక్సు దాటింది కనబడకుండా దాచమన్నాం, దాంతో ట కింద రావత్తు కాస్తా కత్తిరించుకుపోయింది. డెవ్‌టూల్స్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అట్టడుగుకు వెళ్తే 'రెండర్డ్ ఫాంట్స్' అని ఉంటుంది, నిజంగా ఏ ఫాంట్ ఎన్ని గ్లిఫ్‌లు (అక్షర రూపాలు) గీసిందో అక్కడ రాసి ఉంటుంది. ఆ రోజు దాకా నేనక్కడికి స్క్రోల్ చేసి చూసిన పాపాన పోలేదు. ఫాంట్‌ను మేమే పంపేలా చేసి, లైన్-హైట్ 1.6 చేశాక గొడవ వదిలింది.

పేజీ లోపల ఇరుక్కుని చూసే ఎక్స్‌టెన్షన్‌కు అక్కడున్న సీఎస్ఎస్, హెచ్‌టీఎంఎల్ తెలుస్తాయి. వాటిని గీసే ఇంజిన్‌కు ఏం తెలుసో దానికి తెలియదు. కాబట్టి ఫాంట్లు, లేఔట్, పర్ఫార్మెన్స్ లాంటివి చూపించే ఎక్స్‌టెన్షన్లకు రోజులు దగ్గరపడ్డాయనే నా లెక్క. పేజీని ముక్కలుగా కట్టుకునే రియాక్ట్ అనే లైబ్రరీ కోసం చేసిన రియాక్ట్ డెవలపర్ టూల్స్ బతికి ఉన్నది సరిగ్గా ఇందుకు ఉల్టా కారణంతో: కాంపోనెంట్ (అలాంటి ఒక ముక్క) అంటే ఏంటో, దాని స్టేట్ (అందులో అప్పుడున్న డేటా) ఏంటో బ్రౌజర్‌కు తెలియదు. నా నాలుగింటిలో అది రెండోది. అయితే ఈ జాతి కూడా మెల్లగా ఇల్లు మారుతోంది. రియాక్ట్ లాంటిదే అయిన వ్యూ వాళ్ల డెవ్‌టూల్స్ ఇప్పుడు వీట్ (ప్రాజెక్టును కట్టి నడిపే పనిముట్టు) ప్లగిన్‌గా ప్రాజెక్టులోనే కూర్చుంటాయి, బ్రౌజర్ ఏదైనా ఒకటే. మూడోది యాక్స్, చూపు లేనివాళ్లకు పేజీ ఎలా అందుతుందో తప్పులు పట్టేది, దాని గురించి చెప్పడానికి ఫిర్యాదులేం లేవు.

ఇక మ్యానిఫెస్ట్ వీ3, అంటే క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు పాటించాల్సిన కొత్త నిబంధనలు. గూగుల్ దీని ముసాయిదా 2018లోనే బయటపెట్టింది, 2021 జనవరిలో క్రోమ్ 88తో వచ్చింది, 2024 జూన్ నుంచి పాత వీ2 వాటిని ఆపడం మొదలుపెట్టి 2025 మధ్యకొచ్చేసరికి పూర్తిగా ముగించారు. గొడవంతా యాడ్ బ్లాకర్ల చుట్టూ నడిచింది గానీ మన పనిముట్లకూ తగిలింది. ఇంతకుముందు ఒక రిక్వెస్ట్ వెళ్తుంటే ఎక్స్‌టెన్షన్ మధ్యలో పట్టుకుని, చూసి, అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునేది. ఇప్పుడు మామూలు వాడుకలో ముందే రూల్స్ రాసి బ్రౌజర్‌కు అప్పగించాలి, పని బ్రౌజరే చేస్తుంది. హెడర్ మార్చడం వరకు ఇది చాలు. లెక్కలు వేసి మార్చాల్సినవి ఉంటే చాలదు, అలాంటప్పుడు నేను ఫైర్‌ఫాక్స్‌కు వెళ్తాను, వాళ్లు పాత పద్ధతిని ఉంచారు. సొంతంగా రాసుకునేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది: వెనకాల నడుస్తూ ఉండే బ్యాక్‌గ్రౌండ్ పేజీ పోయి, పనున్నప్పుడే లేచే సర్వీస్ వర్కర్ వచ్చింది, ముప్ఫై సెకన్లు పని లేకపోతే నిద్రపోతుంది, వేరియబుల్‌లో దాచుకున్నదంతా గాలికి. మొదటిసారి రాసినప్పుడు, పొద్దున పనిచేసింది టీ తాగొచ్చేసరికి ఎందుకు ఆగిందో తెలియక ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. స్టోరేజ్‌లో పెట్టుకోవాలని డాక్యుమెంట్లో రాసే ఉంది, చదవలేదు, అంతే.

ఇదంతా భద్రత కోసం అంటారు. సగం ఒప్పుకుంటాను. బయటి సర్వర్ నుంచి కోడ్ తెచ్చి నడపడం కుదరదన్నారు, అది మంచిదే. కానీ 'అన్ని సైట్లలో మీ డేటా చదవగలదు, మార్చగలదు' అన్న పర్మిషన్ అలాగే ఉంది, మనం అలాగే చదవకుండా నొక్కుతూనే ఉన్నాం. 2017 ఆగస్టులో వెబ్ డెవలపర్ అనే ఎక్స్‌టెన్షన్ రచయిత ఒక ఫిషింగ్ మెయిల్‌కు చిక్కితే పది లక్షలకు పైగా మంది బ్రౌజర్లలోకి ప్రకటనలు దూరాయి. ఆయన తప్పు ఒప్పుకుని వెంటనే సరిచేశారు, అది వేరే సంగతి. నాకు ఎదురైంది ఇంకా చిన్నది. నేను ఏళ్ల తరబడి వాడిన ఒక చిన్న పనిముట్టు, పేరెందుకు, చేతులు మారింది. ఒకరోజు మా స్టేజింగ్ పేజీలో ఎవరూ రాయని స్క్రిప్ట్ కనబడింది. సర్వర్ హ్యాక్ అయిందని రాత్రి పదకొండింటికి నలుగుర్ని నిద్రలేపాను. ఎక్స్‌టెన్షన్లు మామూలుగా నడవని ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే లేదు, అంటే దోషి నా ఎక్స్‌టెన్షనే. ఆ నలుగురికి బిర్యానీ పెట్టించాను.

నాలుగోది నేను రాసుకున్నదే. మా కుర్రాడొకడు స్టేజింగ్ అనుకుని లైవ్ సైటులో ఒక ఆర్టికల్ డిలీట్ చేశాడు, రెండు ట్యాబ్‌లూ అచ్చం ఒకేలా ఉంటాయి మరి. ఆ వారమే ఒక ఎక్స్‌టెన్షన్ రాశాను: లైవ్ అయితే పేజీ పైన ఎర్ర పట్టీ, స్టేజింగ్ అయితే ఆకుపచ్చ. నలభై లైన్లు, మా రెండు డొమైన్లకు తప్ప ఏ పర్మిషనూ లేదు, సర్వీస్ వర్కర్ జోలికే పోలేదు. స్టోర్‌లో పెట్టలేదు, ఫోల్డర్ ఇస్తే ఎవరికి వాళ్లు లోడ్ చేసుకుంటారు. అప్పటి నుంచి ఆ పొరపాటు జరగలేదు. మా డిజైనర్ సఫారీ వాడుతుంది, ఆమెకూ ఇద్దామనుకున్నా గానీ యాప్ స్టోర్ ద్వారా పంచాలంటే ఆపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, ఎర్ర పట్టీకి అంత అవసరమా అని ఊరుకున్నాం. క్రోమ్ స్టోర్‌కైతే ఒక్కసారి 5 డాలర్లు.

నాకు కనబడుతున్న భవిష్యత్తు ఈ ఎర్ర పట్టీ లాంటిదే. కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోవడం తగ్గి ఇంట్లో వండుకోవడం పెరుగుతుంది, ఇప్పుడు ఏఐని అడిగితే ఇలాంటిది పావుగంటలో రాసిస్తోంది కూడా. అదే ఏఐకి నేరుగా బ్రౌజర్ తాళాలిచ్చే పని కూడా మొదలైంది. ఏఐని డెవ్‌టూల్స్‌కు కలిపే క్రోమ్ డెవ్‌టూల్స్ ఎంసీపీ సర్వర్ 2025 సెప్టెంబర్‌లో వచ్చాక, కన్సోల్, నెట్‌వర్క్ అన్నీ ఏఐ ఏజెంటే చూసుకోగలదు, మధ్యలో ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. నేను వాడే ఏజెంట్‌కు ఆ పాత 'రాష్ట్రం' పేజీ కావాలనే ఇచ్చి చూశాను. లేఔట్ అంతా సరిగ్గా ఉందని చెప్పింది. కాబట్టి కళ్లు ఇంకా మనవే వాడుకోవాలి కొన్నాళ్లు.

పాత ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చే ముందు మిగతా పంతొమ్మిదీ ఒక్కొక్కటే తీసేస్తుంటే, ఏడింటికి కొత్త ట్యాబ్ తెరుచుకుని, ఎందుకు తీసేస్తున్నారో చెప్పండి అని ఫారం వచ్చింది. ఆరు మూసేశాను. జేసన్ దానికి మాత్రం నింపాను: ఇప్పుడు బ్రౌజరే చూపిస్తోంది, మీ తప్పేం లేదు.