బంగారు సిరాకు 43టీ మెష్: శుభలేఖల పనిలో మా అనుభవం

శుభలేఖల మీద బంగారు, వెండి రంగులు అచ్చువేసే మా స్క్రీన్ ప్రింటింగ్ పనికి ఇటీవల 43టీ పాలియెస్టర్ మెష్ (చట్రానికి బిగించి, రంధ్రాల గుండా సిరాను కార్డు మీదికి దించే జల్లెడ గుడ్డ) తెప్పించాను. అంటే సెంటీమీటరుకు 43 పోగులు, అంగుళానికి సుమారు 110. అంతకుముందు మామూలు రంగులకు వాడే 90టీ మెష్‌తోనే బంగారు సిరా కూడా లాగేవాళ్లం. మెటాలిక్ సిరాకు మెరుపునిచ్చేది సన్నని రేకుల్లాంటి లోహపు పొడి. 90టీలో రంధ్రం వెడల్పు సుమారు 60 మైక్రాన్లే కావడంతో ముతక పొడి పైనే నిలిచిపోయి, మీడియం (పొడిని కలిపే ద్రవం) మాత్రమే కిందికి దిగి, వినాయకుడి బొమ్మ బంగారంలా కాక పసుపు మరకలా కనిపించేది. కొత్త మెష్‌లో రంధ్రం దాదాపు 150 మైక్రాన్లు ఉండటం వల్ల రేకులు ధారాళంగా దిగి, ముదురు ఎరుపు కార్డు మీద సైతం ఒక్కసారి స్క్వీజీ (సిరాను నెట్టే రబ్బరు పట్టీ) లాగితేనే నిండుగా మెరుస్తున్నాయి.

అయితే సన్నని అక్షరాలకు దీన్ని నేను సిఫారసు చేయను. ఒత్తులు, గుడిదీర్ఘాలు పూడుకుపోతాయి, అంచులు రంపపు పళ్లలా వస్తాయి. వధూవరుల పేర్లే సరిగా చదవనీయని అచ్చు ఎంత మెరిసినా ప్రయోజనం లేదు. అలాంటి చోట మెత్తని పొడి ఉన్న సిరా తీసుకుని 77టీ వాడటమే మంచిదని నా అభిప్రాయం. 43టీతో సిరా మందంగా పడుతుంది కనుక కార్డులు ఆరడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. గ్లిటర్‌కు 43టీ రంధ్రాలు కూడా చాలవు. మెష్ మాత్రం రెండు నెలల ముహూర్తాల రద్దీలోనూ బిగుతు సడలలేదు.